పక్కూరి షోరూం

నేను ఐదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషిని. అందుకని ఇందులో ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి. రాయమని అడిగింది మా మేనేజరమ్మాయి. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకి మన భీమవరం సంగతి చెప్పాలి మామ్మగారూ, మీరెలా మాట్లాడతారో అలాగే రాయండి అంది. నేను మాట్లాడేదాంట్లో సగం మందలింపులే ఉంటాయి. అవి తీసేసి రాస్తున్నాను. అన్నీ తీయడం నా వల్ల కాకపోవచ్చు.

నేను పనిచేసింది రాజమండ్రిలో ఒక పెద్ద కార్ల షోరూంలో. పెద్ద అంటే సైజు కాదు, ఖరీదు. మా ఆయన పోయాక మేం నడిపే టిఫిన్ హోటలు నా ఒక్కదాని వల్ల కాలేదు. రోజూ పొద్దున్నే మా హోటల్లో పెసరట్టు తిని వెళ్ళే వ్యాపారి ఒకాయన ఉండేవారు. అప్పటికి ఆయన ట్రాక్టర్లు అమ్మేవారు. తర్వాత ఒక విదేశీ కార్ల కంపెనీ ఏజెన్సీ తెచ్చుకున్నారు. హోటలు మూసేశానని తెలిసి ఇంటికొచ్చి, "మీ కాఫీ మా షోరూంలో ఉండాలమ్మా, రండి" అన్నారు. ఆ మాటకి ఈ రోజుకీ ఆయన్ని తలుచుకుంటాను. యాభై దాటిన ఆడమనిషికి, అందులోనూ చదువు లేనిదానికి, మెడలో కార్డు వేసి జీతమిచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి. ఆ కార్డు మీద హాస్పిటాలిటీ అని రాసి ఉండేది. ఎవరైనా అదేంటండీ అని అడిగితే కాఫీ అని చెప్పేదాన్ని.

కాఫీతో పాటు పూజ పళ్ళెం కూడా నాదే. మన వైపు కారు డెలివరీ అంటే ఊరికే తాళాలు చేతిలో పెట్టి పంపడం కాదు కదా. కారు మీద పట్టుగుడ్డ కప్పి ఉంచాలి. కుటుంబమంతా రావాలి. గుడ్డ తీశాక పసుపు కుంకుమ, హారతి, టైర్ల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. ఆ పట్టుగుడ్డకి కట్టే రిబ్బన్లు వాడి పారేస్తుంటే చూడలేక నేనే ఇస్త్రీ చేసి మళ్ళీ మళ్ళీ కట్టించేదాన్ని. కొట్టిన కొబ్బరికాయలో ఒక చెక్క కస్టమరుకి, ఒక చెక్క మాకు. ఆ చెక్కతో మధ్యాహ్నం స్టాఫుకి పచ్చడి చేసేదాన్ని. డెలివరీలు బాగా ఉన్న వారం పచ్చడి రోజూ ఉండేది. సేల్స్ కుర్రాళ్ళు నెల ఎలా ఉందని కంప్యూటర్ చూసుకునేవాళ్ళు కాదు, నా గిన్నె మూత తీసి చూసేవాళ్ళు.

అమ్మకాలు పెరిగాయి. భీమవరం, ఆకివీడు వైపు నుంచి రొయ్యల చెరువుల వాళ్ళు వరసగా వచ్చేవాళ్ళు. అంత దూరం నుంచి, గోదావరి దాటి, ఇంటిల్లిపాదీ రెండేసి కార్లలో వచ్చి, సోఫాల నిండా కూర్చుని, ఏ కారు లోపల ఎలా ఉందో చూసుకుని వెళ్ళేవాళ్ళు. వాళ్ళని చూసి కంపెనీ వాళ్ళకి ఆశ పుట్టింది. మీ కస్టమర్లలో చాలామంది అక్కడివాళ్ళే, అక్కడే ఇంకోటి పెట్టండి అన్నారు. ఓనరుగారు మా అందరినీ కూర్చోబెట్టి అడిగారు. నన్నూ అడిగారు. నేను పెట్టేయండి అన్నాను. వాళ్ళు రానూ పోనూ తగలేసే పెట్రోలు తలుచుకుంటేనే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇంటి దగ్గర దొరికేదానికి ఎవరు ఊరు దాటి పోతారు అనుకున్నాం. ఒక్కరు కూడా కాదనలేదు.

భీమవరం షోరూంకి మేనేజరుగా మా దగ్గరే సేల్స్ చూసే అమ్మాయిని వేశారు. రాజమండ్రి పక్కనే కడియంలో నర్సరీ వాళ్ళ పిల్ల. వాళ్ళ నాన్నగారికి ఈ ఉద్యోగం అంటే ఇష్టం లేదు. లారీల్లో దేశమంతా మొక్కలు పంపే ఇల్లు మనది, నువ్వెళ్ళి ఎవరివో కార్లు అమ్మడమేంటి అనేవారట. భీమవరం వెళ్తానంటే, సరే వెళ్ళు, అది మూతపడితే మాత్రం ఇంటికొచ్చి నర్సరీ చూసుకోవాలి, మళ్ళీ ఉద్యోగం మాట ఎత్తకూడదు అని మాట తీసుకున్నారు. రాజమండ్రిలో దాని కుర్చీలోకి వేరే ఆయన వచ్చేశాడు. అంటే వెనక్కి రావడానికి చోటు లేదు. నన్ను తోడు తీసుకెళ్తానని ఓనరుగారిని అడిగింది. ఇద్దరం అక్కడే రెండు గదుల ఇల్లు అద్దెకి తీసుకున్నాం. అక్కర్లేని లైట్లు తీసేయమని నేనూ, ఫ్యాన్ పెంచమని అదీ, రోజూ అదే గొడవ. కడుపున పుట్టిన పిల్లతో కూడా నేనంత సుఖంగా గొడవపడలేదు.

షోరూం చూస్తే కళ్ళు చెదిరేలా ఉండేది. మెయిన్ రోడ్డు మీద, ముందంతా నిలువెత్తు అద్దాలు. ఎదురుగానే చెరువుల వాళ్ళ మేడలు. వాటిలో ఒక మేడ ఆయన రాజమండ్రి షోరూంకి అంతకుముందు ఒకసారి వచ్చి కార్లు చూసి వెళ్ళినవాడే. ఇంక మనకేం, చెప్పులు వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చేస్తారు అని కుర్రాళ్ళు చేతులు రుద్దుకున్నారు.

ప్రారంభం రోజు ఊరంతా వచ్చింది. మిఠాయి తిని వెళ్ళింది. మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళు ఒక్కరూ లోపలికి రాలేదు. రోడ్డు మీద పోతూ మెడ తిప్పి చూసేవాళ్ళు. మోటారు సైకిలు కాస్త నెమ్మది చేసేవాళ్ళు. ఎదురింటి ఆయన డాబా మీద నిలబడి పళ్ళు తోముకుంటూ మా కార్లనే చూసేవాడు. మా కుర్రాడు చెయ్యి ఊపితే ఆయనా ఊపేవాడు. కిందికి మాత్రం దిగేవాడు కాదు.

అసలు ఎవరూ రాలేదా అంటే, వచ్చేవాళ్ళు. అదే మాకు అర్థం కాలేదు. అంతా అటువాళ్ళే. రాజమండ్రి, కడియం, మండపేట. హాయిగా కూర్చునేవాళ్ళు, తలుపులు తీసి వేసి చూసుకునేవాళ్ళు, టెస్ట్ డ్రైవ్ చేసేవాళ్ళు, రెండోసారి కాఫీ అడిగేవాళ్ళు, చూసి చెప్తామండీ అని వెళ్ళిపోయేవాళ్ళు. కడియం నుంచి ఒక నర్సరీ ఆయన వచ్చి, మేనేజరమ్మాయిని చూడగానే ఉలిక్కిపడ్డాడు. దాని చిన్నప్పటి నుంచి ఎరిగినవాడే. కాఫీ తాగుతూ, "నేనిక్కడికి వచ్చానని మీ నాన్నగారికి చెప్పకమ్మా" అన్నాడు. కొనే ఉద్దేశం లేక కాలక్షేపానికి వచ్చి సిగ్గుపడుతున్నాడనుకుని నాకు ఒళ్ళు మండింది. మా డబ్బాలో పాలు అయిపోయేవి. కొబ్బరికాయ మాత్రం కొట్టేవాళ్ళం కాదు. పచ్చడి లేదు. కుర్రాళ్ళు గిన్నె మూత తీయడం మానేశారు.

చివరికి కంపెనీ నుంచి కబురొచ్చింది. ఆఫీసరు వచ్చి చూసి, ఇది ఉంచాలో మూసేయాలో చెప్తాడట. ఆ సంగతి విన్న రోజు మేనేజరమ్మాయి అన్నం కెలికి లేచిపోయింది. ఎవరైనా అన్నం పారేస్తే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ రోజు మందలించకుండా దాని కంచం నేనే తీసేశాను.

ఈలోగా కాఫీ పొడి అయిపోయింది. రాజమండ్రిలో మేం ఎప్పుడూ పొడి పట్టించే కొట్టు ఒకటే, దాని పొడి తప్ప నాకు నచ్చదు. బస్సెక్కి వెళ్ళాను. పొడి తీసుకుని, ఎలాగూ వచ్చాను కదా అని మా పాత షోరూంలో అడుగు పెట్టాను. సోఫాలో ఎవరు కూర్చుని ఉన్నారో చెప్పమంటారా? మా భీమవరం ఎదురింటి చెరువుల ఆయన. పక్కన ఆయన భార్య. ముందు మంచి కారొకటి నాలుగు తలుపులూ తెరిచి పెట్టి ఉంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నేను అక్కడ పనిమనిషినే, ఆయన కస్టమరు, అవేం గుర్తులేవు. ఎదురుగా వెళ్ళి నిలబడి, "మీ గుమ్మం ముందు కొట్టు పెడితే దాన్ని వదిలేసి, గోదావరి దాటి ఇక్కడికొచ్చారా అండీ?" అని అడిగేశాను.

ఆయన కాఫీ కప్పులోకి చూస్తూ, "ఆయ్... ఊరికే, ఇటు పనుండి వచ్చామండి" అని నసిగాడు.

ఆవిడ మాత్రం తొణకలేదు. నన్ను పక్కన కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"మీది అద్దాల కొట్టు కదా మామ్మగారూ," అంది. "మేం లోపల కూర్చుంటే రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనపడతాం. సాయంత్రానికల్లా మేం కారు కొనేసినట్టే ఊరంతా చెప్పుకుంటారు. తీరా మాకు నచ్చలేదనుకోండి, కొనలేదనుకోండి. ఏమైందమ్మా, ఈ పంటకి రొయ్య పోయిందా అని పరామర్శకి వస్తారు. రొయ్యల మేత అప్పిచ్చే ఆయన కూడా మమ్మల్ని అదోలా చూస్తాడు. ఇక్కడైతే మేమెవరమో ఎవరికి తెలుసు? వంద చూస్తాం, వద్దనుకుంటాం, లేచి వెళ్ళిపోతాం."

"మరి కొన్నాక అందరికీ తెలియదా?"

"కొన్నాక తెలియకపోతే ఇంక కొనడం ఎందుకండీ?" అంది ఆవిడ.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ నాలో నేను తిట్టుకుంటూనే ఉన్నాను. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద పక్కనావిడ ఎవరి మీదండీ కోపం అని అడిగింది. ఇంటికెళ్ళి మేనేజరమ్మాయికి ఇదంతా వెక్కిరింపుగా చెప్పాను. చూశావా వీళ్ళ డాబు, ఇంట్లో పెట్టిన కంచం వదిలేసి పక్కింటికి పోయేరకం అన్నాను. అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కుర్చీలో ముందుకి జరిగింది.

"మామ్మగారూ, ఆ కడియం ఆయన మా నాన్నగారికి చెప్పద్దని ఎందుకన్నాడో తెలిసిందా? ఆయన కాలక్షేపానికి రాలేదు. ఆయన రాజమండ్రిలో చూడలేడు. అక్కడ ఆయన్ని అందరూ ఎరుగుదురు."

నాకు అప్పటికీ ఎక్కలేదు. అది లేచి వంటింట్లోకొచ్చి నా ఎదురుగా నిలబడి విడమరిచి చెప్పింది. వీళ్ళు అక్కడికెళ్ళి చూస్తున్నారు. వాళ్ళు ఇక్కడికొచ్చి చూస్తున్నారు. కొనేటప్పుడు మాత్రం ఎవరైనా పాతదాని మీద నమ్మకంతో రాజమండ్రిలోనే కొంటున్నారు. అందుకని లెక్కంతా రాజమండ్రి ఖాతాలో పడుతోంది, మనం ఒట్టి కాఫీ హోటలు నడుపుతున్నట్టు కనపడుతోంది అంది. చెప్తుంటే దాని మొహంలోకి వెలుగొచ్చింది. ఆ రాత్రి పెరుగన్నం రెండోసారి పెట్టించుకుంది. నేను చూడనట్టే ఉన్నాను.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని రోడ్డు దాటి ఎదురు మేడకి వెళ్ళింది. కారు కొనండి అని అడగలేదు. కొనాలో వద్దో రాజమండ్రిలోనే తేల్చుకోండి, బుక్ చేస్తే మాత్రం తాళాలు ఇక్కడ తీసుకోండి, మీ మేడ ఎదురుగా అని అడిగింది. ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆవిడ మా మేనేజరమ్మాయిని ఒకటే ప్రశ్న అడిగింది.

"పక్క మేడ మా తోడికోడలిది. వాళ్ళ బాల్కనీలోంచి మీ గుమ్మం కనపడుతుందా?"

"బాగా కనపడుతుందండి. నేను చూసే వచ్చాను," అంది మా పిల్ల.

ఆయన ఇంక గడ్డం గోక్కోలేదు.

బుకింగ్ రాజమండ్రిలోనే అయింది. మేనేజరమ్మాయి ఓనరుగారికి ఫోన్ చేసి, బండిని భీమవరం పంపించండి, డెలివరీ మాత్రం ఆఫీసరు వచ్చే రోజున పెట్టుకుంటాం అని చెప్పింది. ఓనరుగారు ఎందుకని అడగలేదు. సరేనమ్మా అన్నారు. ఉద్యోగం చేసేవాళ్ళకి అలాంటి ఓనరు దొరకడం అదృష్టం. నాకు దొరికారు.

ఆ రోజు ఆఫీసరు హైదరాబాదు నుంచి వచ్చాడు. చిన్న వయసు, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చిన మొదటి ఆఫీసరు. ఓనరుగారూ వచ్చారు. ఆఫీసరు అన్నీ తిరిగి చూసి, కూర్చుని, ఇంత చిన్న ప్రాంతానికి మా కంపెనీకి ఒక షోరూం చాలండి, రెండోది దండగ అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, అడగాలా వద్దా అన్నట్టు, "ఒక్క కారూ అమ్మని చోట పాల బిల్లు ఇంతెందుకు వస్తోందమ్మా?" అన్నాడు.

జీవితంలో నన్ను ఎవరైనా దుబారా అన్నది అదే మొదలు, అదే ఆఖరు. నా చెవులు వేడెక్కిపోయాయి. నేను నోరు తెరిచేలోపు మేనేజరమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అది పదినిమిషాలాగి చెప్తానండి సార్. ముందు బయటికి రండి, డెలివరీ ఉంది" అంది.

బయట గుమ్మం ముందు పట్టుగుడ్డ కప్పిన కారు. నేను ఇస్త్రీ చేసిన రిబ్బన్లు. చెరువుల ఆయన తెల్లబట్టల్లో, ఆవిడ ఉప్పాడ చీరలో రోడ్డు దాటి నడిచొచ్చారు. అంతే, ఎక్కడినుంచి వచ్చారో తెలియదు, ఊరంతా వచ్చేసింది. బళ్ళు ఆగిపోయాయి. మందుల కొట్టాయన కౌంటర్ వదిలేసి వచ్చాడు. పక్క మేడ బాల్కనీలో ఒకావిడ బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడి, ఒకే తువ్వాలు ఎన్నిసార్లు దులిపిందో. గుడ్డ తీయగానే జనం ఓ అని అరిచారు. కొబ్బరికాయ ఆవిడ చేతే కొట్టించాను. సరిగ్గా రెండు చెక్కలు.

ఆఫీసరు ఆ జనాన్ని చూసి తెల్లబోయాడు. "ఇంతమంది ఉన్నారే. వీళ్ళలో ఒక్కరు కూడా లోపలికి రారేంటండి?" అని చెరువుల ఆయన్నే అడిగాడు.

ఆయన తాళాలు జేబులో వేసుకుంటూ, "లోపలికొస్తే కొనాలండి," అన్నాడు. ఇందులో తెలియకపోవడానికి ఏముంది అన్నట్టు.

అప్పుడు మేనేజరమ్మాయి ఆఫీసరుని పక్కకి తీసుకెళ్ళి, నాకు వంటింట్లో చెప్పినట్టే విడమరిచి చెప్పింది. పాలు తాగిందెవరో, వాళ్ళు తర్వాత ఎక్కడ కొన్నారో చెప్పింది. ఆయన, అలాగైతే రాజమండ్రి ఒక్కటే ఉంచినా వాళ్ళు అక్కడే కొంటారు కదమ్మా అన్నాడు. సరైన ప్రశ్నే.

మా పిల్ల తడుముకోలేదు. "ఒక్కటే ఉంటే ఆ ఊరివాళ్ళు ఎక్కడికెళ్ళి చూసుకుంటారండి సార్? భీమవరం పెట్టాకే కడియం వాళ్ళు మన కార్లు చూశారు. అంతకుముందు వాళ్ళు విజయవాడ వెళ్ళి వేరే కంపెనీవి చూసి, అవే కొనుక్కునేవాళ్ళు. మా పక్క నర్సరీలో ఉన్న రెండు కార్లూ అలా వచ్చినవే."

ఓనరుగారు మెల్లగా తలూపారు. మధ్యాహ్నం భోజనానికి ఉండమన్నాం. ఆ కొబ్బరి చెక్కతో పచ్చడి చేశాను. భీమవరంలో మా మొదటి పచ్చడి అది. కుర్రాళ్ళు గిన్నె మూత తీసి చూశారు. ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. మిరపకాయ ఘాటు అన్నాడు. అంత ఘాటు వేయలేదు నేను. ఆఫీసరు రెండుసార్లు వేయించుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చి, "పాల బిల్లు అలాగే ఉండనివ్వండమ్మా" అన్నాడు. అదే ఉత్తర్వు. కాగితాలు తర్వాత వచ్చాయి.

అక్కణ్ణుంచి కంపెనీ వాళ్ళు రెండు షోరూంల లెక్కా ఒకటిగానే చూడడం మొదలుపెట్టారు. చూడడం ఏ ఊళ్ళోనైనా, తాళాలు సొంత ఊళ్ళో. కడియం ఆయన భీమవరంలో మూడుసార్లు చూసి, రాజమండ్రిలో తాళాలు తీసుకుని, కడియంలో మేళం పెట్టించి ఇంటికి తెచ్చుకున్నాడు. మేనేజరమ్మాయి వాళ్ళ నాన్నగారు ఆ మేళం చప్పుడికే బయటికొచ్చి, ఏం జరిగిందో విని, కూతురు చేసే పని ఏంటో అప్పుడు మొదటిసారి అడిగి తెలుసుకున్నారట. మళ్ళీ నర్సరీ మాట ఎత్తలేదు. గేటు పక్కన పెట్టుకోమని మా షోరూంకి రెండు కుండీలు పంపారు. వాటికి నీళ్ళు పోసే పని కూడా నాకే వచ్చింది.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది ఇంతే. నాకు తెలిసిందల్లా నేను చూసింది కోపంగా చెప్పడమే. అందులోంచి అర్థం తీసింది ఆ పిల్ల. అడక్కుండా నమ్మింది ఓనరుగారు. తప్పు ఒప్పుకోవడానికి మొహమాటపడనివాడు ఆఫీసరు. ఇంతమంది మంచివాళ్ళ మధ్య పనిచేశాను. పనిచేసే చోట మీ కంచంలో అన్నం పారేయకండి, అక్కర్లేని లైటు తీసేయండి. పక్కనున్నవాళ్ళు కోపంగా చెప్పినా వినండి.

ఉద్యోగం మానేసి రాజమండ్రి వచ్చేశాను. మొన్న మా మిక్సీ పాడైంది. కొత్తది చూద్దామని, ఆడవాళ్ళకి బస్సు టిక్కెట్టు లేదు కదా అని, గోదావరి దాటి కొవ్వూరు వెళ్ళాను. ఒక కొట్లో కూర్చుని పది మిక్సీలు దింపించి, మూతలన్నీ తీసి చూస్తున్నాను. అప్పుడే మేనేజరమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడది రెండు షోరూంలకీ పెద్ద. కాకినాడలో మూడోది పెట్టమని కంపెనీ అడుగుతోంది, మీరేమంటారు మామ్మగారూ అని మొదలుపెట్టి, వెనకాల చప్పుడు విని, ఎక్కడున్నారు అంది.

"కొవ్వూరులో. మిక్సీ చూస్తున్నాను."

"కొవ్వూరెందుకండీ? మీ వీధి చివరే మిక్సీల కొట్టుంది కదా."

"ఉంది," అన్నాను. "అందుకే ఇక్కడికొచ్చాను."

అటువైపు నవ్వు ఆగితే కదా, కాకినాడ మాట మాట్లాడుకోవడానికి.